పుస్తకాలున్నాయి, చదివి చెప్పేవాళ్లేరీ?

మేం ఆఫీసు అని చెప్పుకునే గదిలో ఒక చెక్క బీరువా ఉంది. అందులో పై రెండు అరలూ సమీక్ష కోసం వచ్చిన పుస్తకాలవి. తపాలాలో వచ్చినవి కొన్ని, ఆర్టీసీ పార్శిల్లో వచ్చినవి కొన్ని, సభల దగ్గర రచయితలు చేతికిచ్చి ‘నాలుగు ముక్కలు రాయించండి’ అన్నవి కొన్ని. పలాస నుంచి, పాలకొండ నుంచి, పార్వతీపురం నుంచి, బొబ్బిలి నుంచి, రాజాం నుంచి. కవిత్వం ఎక్కువ. తర్వాత కథలు. ఆపైన ఆత్మకథలు, కులచరిత్రలు, నిజనిర్ధారణ నివేదికలు, పరిశోధన పట్టా వచ్చాక పుస్తకంగా వేసుకున్న సిద్ధాంత గ్రంథాలు. చాలావాటికి ప్రచురణకర్త అంటూ వేరే ఎవరూ లేరు. రచయితే అప్పు చేసో, జీతంలో మిగుల్చుకునో వేసుకున్నవి. మొదటి పేజీలో ‘సమీక్షార్థం’ అని రాసి సంతకం పెట్టి, రివాజు ప్రకారం రెండేసి ప్రతులు పంపుతారు. ఒకటి సమీక్షకులకి, ఒకటి పత్రికకి.

ఆ రెండు ప్రతులూ మా బీరువాలోనే ఉండిపోతున్నాయి. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

సమీక్షకులు దొరకడం లేదు అని ప్రతి సంచిక ముందూ మేం అనుకుంటాం. మిగతా చిన్న పత్రికల మిత్రులూ ఇదే మాటంటారు. ఈ మాట మాకు అలవాటైపోయింది. అలవాటైన మాటని ఒకసారి పరీక్షకి పెట్టడం విమర్శ చేయాల్సిన పని. అందుకని ఈసారి పుస్తకాల మీద కాకుండా, పుస్తకాల మీద రాసేవాళ్ల గురించి, వాళ్లని వెతికే మా గురించి రాస్తున్నాం.

దొరికిన సమీక్షలు ఎలా ఉన్నాయి?

ముందు దొరికినవాటి సంగతి చూద్దాం. మాకు వచ్చే సమీక్షలు మూడు రకాలు.

మొదటి రకం ఆశీర్వచనం. ‘వర్ధమాన కవి’, ‘ఆర్ద్రత నిండిన గుండె’, ‘మరిన్ని రచనలు రావాలని ఆశిద్దాం’. ఈ సమీక్షలో పుస్తకం పేరు తీసేసి ఇంకో పుస్తకం పేరు పెడితే ఎవరూ కనిపెట్టలేరు. రాసినవారు మంచివారే. దళిత రచయిత కదా, నొప్పించకూడదు అనుకుంటారు. కానీ నొప్పించకూడదనే ఆ జాలిలో ఒక దూరం ఉంది. సమానుడితో వాదిస్తాం. సమానుడు కాదనుకున్నవాడి భుజం తడతాం.

రెండో రకం ముందుమాటకి నకలు. పుస్తకం ముందు ఇద్దరో ముగ్గురో పెద్దలు ముందుమాటలు రాసి ఉంటారు. సమీక్షకుడు వాటిని చదివి, వెనక అట్ట చదివి, మధ్యలో రెండు కవితలు తిరగేసి రాసేస్తాడు. ముందుమాటలో ఉన్న పొరపాటు కూడా సమీక్షలోకి వచ్చేస్తుంది. అప్పుడు మాకు తెలిసిపోతుంది.

మూడో రకం తీర్పు. ‘ఆవేశం ఎక్కువ, శిల్పం తక్కువ’. ‘వస్తువు బాగుంది గానీ రూపం మీద దృష్టి పెట్టాలి’. ‘మాండలికం పఠనానికి అడ్డొస్తోంది’. ఈ తీర్పులకి కింద ఆధారం ఉండదు. ఏ కథలో, ఏ చోట, ఎందుకు అన్నది చెప్పరు. శిల్పం అంటే ఏమిటో అందరికీ ముందే తెలుసన్నట్టు, అది తమ ఇంట్లో పుట్టిందన్నట్టు రాస్తారు.

ఈ మూడింట్లోనూ లేనిది ఒకటే. చదివినట్టు రుజువు. పుస్తకం ఏం చెప్పింది, అది నిజమేనా, ఎక్కడ తడబడింది, ఇంతకుముందు ఇదే విషయం మీద వచ్చినదానికి ఇది ఏం కలిపింది? ఈ నాలుగు ప్రశ్నలకి జవాబుంటే చాలు, మాకు అది మంచి సమీక్ష. భాష నున్నగా లేకపోయినా పర్లేదు.

స్వచ్ఛందం ఎవరికి?

మేం సమీక్షకులకి డబ్బు ఇవ్వం. ఇవ్వలేం అని ఇన్నాళ్లూ అన్నాం. పుస్తకం ఉంచుకోండి, అచ్చయ్యాక సంచిక పంపిస్తాం అంటాం. ‘స్వచ్ఛందంగా’ అనే మాట వాడతాం.

ఒక డిగ్రీ కాలేజీలో గెస్టు లెక్చరర్‌గా పనిచేసే మిత్రుణ్ని ఒక నవల మీద రాయమని అడిగాం. మూడు నెలలు గడిచాయి. ఫోన్ చేశాం. ఆయన మొహమాటపడుతూ చెప్పాడు. ‘సార్, పీరియడ్‌కింత అని ఇస్తారు. సెలవులొస్తే అదీ లేదు. సాయంత్రం ట్యూషన్లు. ఆదివారం మా నాన్నతో పొలానికి. మీ నవల మూడొందల పేజీలుంది. రాత్రి పది దాటాక మొదలుపెడితే పది పేజీలకి నిద్దరొచ్చేస్తంది.’ మేం సర్లెండి అన్నాం. పుస్తకం తిరిగి పంపిస్తానన్నాడు, తన ఖర్చుతో. 2024 డిసెంబరులో తపాలా శాఖ తక్కువ రేటుకి నడిచే రిజిస్టర్డ్ బుక్‌పోస్టు ఎత్తేశాక ఆ ఖర్చు కూడా తక్కువేం కాదు.

ఆ రోజు మాకొక మాట తట్టింది. మన తాతలు జీతం లేకుండా చేసిన పనిని ఏమనేవారు? వెట్టి అనేవారు. ఈ జిల్లాల్లో అప్పు కింద ఏడాది పొడుగునా రైతింట్లో చాకిరీ చేసినవాణ్ని కంబారి అన్నారు. వెట్టిని 1976 చట్టం నిషేధించింది. మరి దళిత పత్రిక దళిత విద్యార్థిని, దళిత గెస్టు లెక్చరర్‌ని డబ్బు లేకుండా పదిహేను రోజుల పని చెయ్యమంటే దాన్ని ఏమనాలి?

ఈ పోలిక ఎక్కువైందని కొందరు మిత్రులంటారు. ఉద్యమం అంతా స్వచ్ఛందంగానే నడిచింది కదా, గోడలమీద రాసినవాడికి, డప్పు కొట్టినవాడికి, నిజనిర్ధారణకి వెళ్లినవాడికి ఎవరిచ్చారు డబ్బులు అంటారు. నిజమే. అందుకే తేడా ఎక్కడుందో తేల్చుకోవాలి. వెట్టి చేసేవాడికి కాదనే హక్కు లేదు. చేసిన పని మీద పేరు లేదు. పని ఎలా జరగాలన్న దాంట్లో మాట లేదు. ఉద్యమంలో పనిచేసేవాడికి ఈ మూడూ ఉంటాయి. ఇక మా పత్రికని ఈ మూడు కొలతలతో కొలిచి చూసుకున్నాం. కాదనే హక్కు ఉంది. పేరు కూడా వేస్తాం. మూడోదాని దగ్గర దొరికిపోయాం. సమీక్షని అడక్కుండా కోశాం. రెండు సంచికలు ఆపి, అప్పటికి పాతదయిందని పక్కన పడేశాం. అచ్చయ్యాక సంచిక పంపడం మర్చిపోయాం. ఒకసారి రాసి మళ్లీ రాయనివాళ్ల పేర్లు రాసుకుంటే, వాళ్లలో ఎక్కువమంది ఈ మూడింట్లో ఏదో ఒకటి పడ్డవాళ్లే. వాళ్లు దొరకలేదనడం అన్యాయం. దొరికారు, మేం పోగొట్టుకున్నాం.

ఇంకో కోణం కూడా ఉంది. స్వచ్ఛందంగా చేయగలిగేది ఎవరు? నెల తిరిగేసరికి జీతం వచ్చేవారు, ఇంట్లో వంట వేరేవాళ్లు చేసేవారు. డబ్బివ్వకపోతే సమీక్ష ఆ వర్గం చేతుల్లోకి దానంతటదే వెళ్లిపోతుంది. అప్పుడు ‘ప్రమాణాలు’ కూడా వాళ్లవే అవుతాయి. యూనివర్సిటీ అధ్యాపకులకి ఇంకో లెక్క. పరిశోధన వ్యాసానికి ప్రమోషన్లో విలువ, సమీక్షకి లేదు. ఖాళీ ఉంటే రాస్తాననేవారే గానీ ఖాళీ చేసుకుని రాసేవారు తక్కువ.

అంబేద్కర్ రాసిన సమీక్ష, అంబేద్కర్‌కి వచ్చిన సమీక్ష

సమీక్ష చిన్న పని, రచన చెయ్యలేనివాళ్లు చేసే పని అనే భావం మనవాళ్లలో ఉంది. రెండు సంగతులు గుర్తుచేస్తాం.

1917లో అంబేద్కర్ బరోడా ఉద్యోగానికి వెళ్లి, కులం కారణంగా ఉండటానికి చోటు దొరక్క బొంబాయి తిరిగొచ్చాడు. 1918లో ఇండియన్ ఎకనామిక్ సొసైటీ పత్రికలో బెర్ట్రండ్ రస్సెల్ సామాజిక పునర్నిర్మాణం మీద రాసిన పుస్తకాన్ని సమీక్షించాడు. పొగిడి వదిలెయ్యలేదు. యుద్ధం గురించి రస్సెల్ అన్నదాన్ని మన దేశపు పాఠకులు చేతులు కట్టుకు కూర్చోవడానికి సమర్థనగా చదువుకునే ప్రమాదముందని హెచ్చరించాడు. ఆస్తి, డబ్బు మీద ప్రేమ గురించి రస్సెల్ చేసిన వాదంలో లోపం చూపించాడు. ఒక దళిత యువకుడు ప్రపంచ ప్రసిద్ధ తత్వవేత్త పుస్తకాన్ని తూకం వేశాడు, తన దేశపు పాఠకుల అవసరం దగ్గర నిలబడి. సమీక్షకుడంటే ఎవరని అడిగితే మేం ఈ ఉదాహరణ చెబుతాం.

రెండోది 1936. లాహోర్ సభ రద్దయ్యాక అంబేద్కర్ తన ఉపన్యాసాన్ని ‘కుల నిర్మూలన’గా సొంతంగా అచ్చువేసుకున్నాడు. మన రచయితలు ఇవాళ వేసుకుంటున్నట్టే. పదిహేను వందల ప్రతులు రెండు నెలల్లో అయిపోయాయి. గాంధీ దాన్ని ‘హరిజన్’ పత్రికలో సమీక్షించాడు. ఎనిమిదణాల ధర ఎక్కువన్నాడు, రెండణాలకో నాలుగణాలకో తగ్గించమన్నాడు. మతాన్ని దాని ఉత్తమ ఉదాహరణలతో కొలవాలి గానీ హీనమైనవాటితో కాదన్నాడు. అంబేద్కర్ ఊరుకోలేదు. 1937 రెండో ముద్రణలో ఆ సమీక్షనీ, దానికి తన జవాబునీ కలిపి వేశాడు. తనకి నచ్చని సమీక్షని పుస్తకంలోనే పెట్టుకున్న ధైర్యం అది. ఇవాళ ఆ పుస్తకాన్ని ఆ వాదన లేకుండా ఎవరూ చదవరు. సమీక్ష పుస్తకానికి తోక కాదు. ఒక్కోసారి పుస్తకంలో సగం.

తెలుగులో కూడా ఇలాంటివి జరిగాయి. చేకూరి రామారావు ఆంధ్రజ్యోతిలో ‘చేరాతలు’ శీర్షిక నడిపినప్పుడు కొత్త కవులు, ముఖ్యంగా స్త్రీవాద కవులు చర్చలోకి వచ్చారు. అంగీకరించినవాళ్లున్నారు, తిట్టినవాళ్లున్నారు. కానీ పుస్తకం వచ్చిందని జనానికి తెలిసింది. దళిత కవిత్వానికి 1995లో ‘చిక్కనవుతున్న పాట’ సంకలనం, ఆ చుట్టూ జరిగిన చర్చ అలాంటి ఊపునిచ్చాయి. దళిత స్త్రీల రాతలు ఎన్ని ఉన్నాయో 2003లో గోగు శ్యామల ‘నల్లపొద్దు’ తెచ్చాకే చాలామందికి తెలిసింది. సంకలనాలు వచ్చాయి. వాటి తర్వాత ఒక్కొక్క రచయితనీ విడిగా, ఓపిగ్గా చదివి రాసే పని మాత్రం వెనకబడింది.

మన జిల్లాల సంగతి

శ్రీకాకుళం, విజయనగరం అనగానే సాహిత్యంలో పెద్ద పేర్లే వస్తాయి. గురజాడ, గిడుగు, చాసో, కాళీపట్నం రామారావు. శ్రీకాకుళంలో 1997 ఫిబ్రవరి 22న కారా మాస్టారు మొదలుపెట్టిన కథానిలయం తెలుగు కథ అంతటికీ ఒక చిరునామా. తనకొచ్చిన అవార్డుల డబ్బు పెట్టి, పత్రికలూ పుస్తకాలూ పోగేసి, వయసు మీదపడినా కేటలాగు పనిలో కూర్చున్నాడాయన. 2021లో చనిపోయాడు. జీతం లేని పని ఎంత గొప్పగా ఉండగలదో చూపించిన చోటు అది. దానికి మేం రుణపడి ఉన్నాం. అయితే కథని భద్రం చెయ్యడం ఒక పని, కథ గురించి వాదించడం ఇంకో పని. భద్రపరిచిన పుస్తకం ఎవరో ఒకరు చదివేదాకా ఆగగలదు. రచయిత ఆగలేడు. తొలి పుస్తకానికి ఒక్క మంచి సమీక్ష రాకపోతే రెండో పుస్తకం రాదు.

కారా ‘యజ్ఞం’ సంగతే చూడండి. ఆ ఒక్క కథ మీద వచ్చినంత చర్చ తెలుగులో తక్కువ కథల మీద వచ్చింది. అప్పు తీర్చాలా వద్దా, ధర్మం ఎవరిది, ఊరి అభివృద్ధి ఎవరికి పోయింది అని దశాబ్దాలు వాదించుకున్నారు. ఆ వాదనలు ఎక్కువగా వర్గం, భూమి, పెట్టుబడి అనే మాటల్లో సాగాయి. అప్పల్రాముడు దళితుడు. ఆ అప్పు అతని మీద అలా ఎందుకు కూర్చోగలిగింది, పంచాయితీ అరుగు మీద అతని మాట ఎందుకు తేలిపోయింది అని కులం వైపు నుంచి గట్టిగా అడిగేవాళ్లు రావడానికి కారంచేడు (1985), చుండూరు (1991) జరగాల్సి వచ్చింది. కథ మారలేదు. చదివేవాళ్లు మారారు. సమీక్షకుడు ఎవరన్నది ఎందుకు ముఖ్యమో దీన్నిబట్టి తెలుసుకోవచ్చు.

ఇంకో ఉదాహరణ ఇంకా దగ్గరిది, ఇంకా బాధాకరమైంది. 2012 జూన్ 12న వంగర మండలం లక్షింపేటలో జరిగిన దాడిలో ఐదుగురు దళితులు ప్రాణాలు కోల్పోయారు. అప్పుడది శ్రీకాకుళం జిల్లా, 2022 విభజన తర్వాత విజయనగరం జిల్లా. మడ్డువలస జలాశయం కోసం ప్రభుత్వం సేకరించి, మునగకుండా మిగిలిన భూమిని దళితులు సాగు చేసుకోవడం అక్కడి తగువు. నివేదికలు వచ్చాయి, కరపత్రాలు వచ్చాయి, కవితలు వచ్చాయి. కానీ ఆ నివేదికల్ని పుస్తకాల్లా చదివి సమీక్షించినవాళ్లు ఎంతమంది? ఒక నివేదిక చెప్పింది ఇంకో నివేదికతో ఎక్కడ కలుస్తుంది, ఎక్కడ విడిపోతుంది, భూమి లెక్క సరిగా ఉందా, ఎవరితో మాట్లాడారు, ఎవరితో మాట్లాడలేదు అని చూడాలి కదా. పైగా దాడి చేసింది కారంచేడులోలా, చుండూరులోలా కమ్మలో రెడ్లో కాదు. బీసీ జాబితాలో ఉన్న తూర్పు కాపులు. దళిత బహుజన ఐక్యత అనే మాట మీద పెరిగిన మా తరానికి ఇది కఠినమైన ప్రశ్న. పాత నినాదాన్ని ఒక నివేదిక అలాగే అప్పజెప్పిందా, లేక ఈ ప్రశ్నని ఎదుర్కొందా? ఇది తేల్చాలంటే కవిత్వం తెలిసినవాడు చాలడు. సర్వే నంబరు చదవడం, ముంపు భూమి రికార్డు చూడటం, అట్రాసిటీ చట్టం తెలియడం కావాలి. అలాంటివాళ్లు మన మధ్య ఉన్నారు. కోర్టులో ప్లీడర్లున్నారు, రిటైరైన రెవెన్యూ ఉద్యోగులున్నారు, భూమి పోరాటంలో తిరిగిన కార్యకర్తలున్నారు. వాళ్లని మేం ఎప్పుడూ సమీక్షకులుగా చూడలేదు. సమీక్షకుడంటే తెలుగు ఎమ్మే చదివినవాడే అన్న భ్రమలో ఉన్నాం.

యాస అడ్డొచ్చిందట

ఒక కథల పుస్తకం మీద వచ్చిన సమీక్షలో ఉత్తరాంధ్ర యాస వల్ల పాఠకుడు ఇబ్బంది పడతాడు అని ఉంది. ఏ పాఠకుడు? రచయిత్రి రాసింది తన వాడ మనుషుల గురించి. వాళ్లకి ఇబ్బంది లేదు. వ్యావహారిక భాష కోసం జీవితమంతా కొట్లాడిన గిడుగు రామమూర్తి పుట్టింది ఈ నేల మీదే. శిష్టులు కానివాళ్ల భాషని, సవరల భాషని నేర్చుకుని నిఘంటువు కట్టాడాయన. నూరేళ్లు దాటాక అదే జిల్లా యాసకి ఇంకా పాస్‌పోర్టు అడుగుతున్నారు.

అయితే ఆ పుస్తకం లోపాలు లేనిదని మేం అనడం లేదు. ఆ సమీక్ష వేశాక మేం ఒక పని చేశాం. రాజాం దగ్గర ఒక వాడలో సాయంత్రం పూట నలుగురైదుగురు ఆడవాళ్లు కూర్చున్నప్పుడు ఆ పుస్తకంలోంచి ఒక కథ మా పరిశోధక విద్యార్థిని చదివి వినిపించింది. ఉబాల కూలి ఎగ్గొట్టిన రైతు ఇంటిమీదికి ఒక దళిత స్త్రీ ఒంటరిగా వెళ్లి నిలదీసే కథ. మేం అందరం మెచ్చుకున్న కథ. విన్నాక ఒకావిడ నవ్వింది.

‘ఏటప్పా, బాలేదా?’ అని అడిగింది మా విద్యార్థిని.

‘బాగుందమ్మా. గానీ ఒక్కర్తీ ఎల్లి ఎలగడిగేస్తాది? ఒక్కర్తీ ఎల్తే రేపట్నించి కూలికి పిలవరు. మావు కలిసెల్తాం. ముందు ముసల్దాన్ని మాటాడమంటాం, దాన్ని ఎవులూ ఏటీ అనరు. డబ్బులు సేతిలో పడ్డాకే లెగుస్తాం.’

ఈ నాలుగు మాటల్లో ఉన్న విమర్శ మేం అచ్చేసిన సమీక్షలో లేదు. కథ ఎక్కడ తడబడిందో ఆమె చెప్పింది. రచయిత్రి కోపాన్ని చూపించాలనుకుని, కూలి స్త్రీలు తమ అనుభవంలో కనిపెట్టుకున్న పద్ధతిని చూడలేదు. ఒంటరి వీరనారి అనేది సినిమా నుంచో, వేరేవాళ్ల సాహిత్యం నుంచో వచ్చిన బొమ్మ. ‘శిల్ప లోపం’ అని సమీక్షకుడు ఆధారం చూపకుండా అన్నది నిజానికి ఇదే కావచ్చు. కానీ దాని పేరు ఆమెకి తెలిసినంతగా అతనికి తెలీదు. ఆ మాటలు మేం రచయిత్రికి రాసి పంపాం. ఆమె నొచ్చుకోలేదు. ‘మా అమ్మ కూడా ఇదే అంది, నేను వినలేదు’ అని జవాబిచ్చింది.

అప్పట్నించి ‘సమీక్షకులు లేరు’ అనడానికి మాకు నోరు రావడం లేదు. అలాగని చదువొచ్చినవాళ్ల పని లేదని కాదు. ఆమె చెప్పినదాన్ని ఇతర కథలతో పోల్చి, చరిత్రలో పెట్టి రాయడానికి మా విద్యార్థిని కావాలి. ఇద్దరూ కలిస్తే ఒక సమీక్ష. ఇద్దరి పేర్లూ ఉండాలి.

మా తప్పులు

ఇంకొన్ని ఒప్పుకోవాల్సినవి ఉన్నాయి.

దళిత పుస్తకం వస్తే దళితుడికి పంపడం, ఇరిగేషన్ మీదో విద్యా విధానం మీదో పుస్తకం వస్తే ‘నిపుణుడికి’ పంపడం మా పద్ధతి. ఇది కొత్త రకం వాడ. దళిత సమీక్షకుణ్ని దళిత పుస్తకాల్లోనే ఉంచేస్తున్నాం. అంబేద్కర్ సమీక్షించింది రస్సెల్‌ని కదా. మడ్డువలస మీద, ఉద్దానం కిడ్నీ జబ్బు మీద, వలస కూలీల మీద వచ్చే పుస్తకాలు మన పిల్లలకి ఎందుకు పంపం?

దీనికి ఎదురుగా ఇంకో తప్పు. దళితుడైతే చాలు, ఎవరైనా ఒకటే అనుకోవడం. రెల్లి యువకుడు రాసిన కవిత్వాన్ని మాల లెక్చరర్‌కి పంపి మా బాధ్యత అయిపోయిందనుకున్నాం. ఆయన శ్రద్ధగానే రాశాడు. కానీ తెల్లారకముందు మున్సిపాలిటీ పనికి పోయే ఇంట్లో, పళ్ల బుట్ట నెత్తినెత్తుకుని వీధులు తిరిగే ఇంట్లో పుట్టిన పదాల్ని ఆయన ‘ప్రతీకలు’ అన్నాడు. అవి ప్రతీకలు కావు, పనిముట్ల పేర్లు. రెల్లి, బావూరి, చచాటి, దండాసి, మెహతర్, పాకీ లాంటి పన్నెండు కులాలు 1997 వర్గీకరణలో ఒక శాతం కింద ఒక గుంపుగా లెక్కకొచ్చాయి. 2004లో సుప్రీంకోర్టు ఆ వర్గీకరణని కొట్టేసింది. 2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జీల ధర్మాసనం ఉపవర్గీకరణ చెల్లుతుందంది. 2025లో రాష్ట్రం మళ్లీ తెచ్చిన వర్గీకరణలో వాళ్లది ఒకటో గ్రూపు, వాటా ఒక శాతమే. చట్టం వాళ్లని విడిగా గుర్తించింది. సాహిత్య పత్రికలు ఇంకా గుర్తించలేదు. మేం కూడా అందులో ఉన్నాం.

అడిగినవాళ్లలో ఆడవాళ్లు తక్కువ. ఎందుకంటే మా ఫోన్ పుస్తకంలో ఉన్నది మగవాళ్ల నంబర్లు. ఇది కారణం, సాకు కాదు.

చివరిది, చిన్న ఊళ్ల భయం. శ్రీకాకుళం టౌన్లో రాసేవాళ్లందరూ ఒకరికొకరు తెలుసు. ఒకే సభలో, ఒకే టీ కొట్టు దగ్గర కలుస్తారు. పుస్తకం బాలేదని రాస్తే రేపు మొహం ఎలా చూడాలి? పైగా రచయిత అదే కులం అయితే, ‘మనోడే మనోణ్ని తొక్కేశాడు’ అనే మాట. వేరే కులం అయితే, ‘వాళ్లోడు కాదు గనక తొక్కేశాడు’ అనే మాట. దీనివల్ల మంచి చదువరులు నోరు మూసుకుంటున్నారు. ఈ భయాన్ని మేం తీసెయ్యలేం. కానీ రచయితలతో ఒక మాట అనగలం. మెప్పు మాత్రమే కావాలంటే పుస్తకం మాకు పంపకండి. పంపారంటే చదివించుకోవడానికి సిద్ధపడ్డారని అర్థం.

ఇక ఏం చేస్తాం

మాటలు చాలు గనక పనులు రాస్తున్నాం. వచ్చే సంచిక నుంచి వీటికి మమ్మల్ని పట్టుకోండి.

ఒకటి. ప్రతి సమీక్షకీ కొంత పారితోషికం ఇస్తాం. తక్కువే. జీతం ఉన్న మిత్రులు వద్దంటే ఆ మొత్తం జీతం లేనివాళ్ల సమీక్షకి చేరుతుంది. పుస్తకం రానూపోనూ తపాలా ఖర్చు మాదే.

రెండు. సమీక్షలో ఒక్క వాక్యం కోసినా రాసినవారికి చూపించాకే అచ్చేస్తాం. రెండు సంచికల్లోగా వెయ్యలేకపోతే కారణం చెప్పి తిరిగి ఇచ్చేస్తాం.

మూడు. మొదటిసారి రాసేవారికి ఒక తోడు ఇస్తాం. తోడు అంటే దిద్దేవాడు కాదు. పైన చెప్పిన నాలుగు ప్రశ్నలూ అడిగి, జవాబులు రాబట్టేవాడు. రాయడం కష్టమైతే చెప్పండి, మేం రాసుకుంటాం. ఫోన్‌లో వాయిస్ పంపినా సరే. మీ యాసని మార్చం.

నాలుగు. వీలైన ప్రతి పుస్తకానికీ ఇద్దరు. ఒకరు ఆ జీవితం లోపలివాళ్లు, ఒకరు బయటివాళ్లు. ఇద్దరూ ఒప్పుకోకపోతే ఇంకా మంచిది, రెండూ పక్కపక్కన వేస్తాం.

ఐదు. రచయితతో సమీక్షకులకి చుట్టరికమో, స్నేహమో, తగువో ఉంటే ఆ సంగతి సమీక్ష కింద ఒక వాక్యంలో చెప్పాలి. దాచి రాస్తే వెయ్యం.

ఆరు. రచయితకి జవాబు చెప్పే హక్కు ఉంటుంది. 1937 ముద్రణ మనకి నేర్పిన పాఠం అది. జవాబు సమీక్ష కంటే పొడుగవకూడదు, అంతే.

ఎచ్చెర్లలో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ యూనివర్సిటీ 2008 నుంచి ఉంది. విజయనగరంలో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం 2019 నుంచి నడుస్తోంది. రెండు జిల్లాల నిండా సాంఘిక సంక్షేమ హాస్టళ్లున్నాయి. అక్కడ చదువుకునే పిల్లల్లో మొదటి తరం చదువరులు ఎందరో. వాళ్లలో ఎవరికైనా ఒక పుస్తకం నచ్చకపోయి, ఎందుకు నచ్చలేదో గట్టిగా చెప్పాలనిపిస్తే, వాళ్లే మాకు కావాల్సినవాళ్లు. ఉపాధ్యాయ మిత్రులకి ఒక మనవి. మీ క్లాసులో వెనక బెంచీలో కూర్చుని, పాఠం అయ్యాక ‘సార్, ఇందులో రాసింది అలా జరగదు’ అనే పిల్లో పిల్లాడో ఉంటే, వాళ్లని గదమాయించకండి. మా చిరునామా ఇవ్వండి.

బీరువా పై రెండు అరల్లో ఉన్న పుస్తకాల జాబితా వచ్చే సంచిక చివరి పేజీలో వేస్తున్నాం. ఏది కావాలో ఒక కార్డు రాయండి. ముందు అడిగినవారికి ముందు పంపిస్తాం. చదివి, ఉన్నది ఉన్నట్టు చెప్పండి.